బిల్లు మీద సంతకం ఎవరిది?

2024 డిసెంబర్ 27న ఆంధ్రప్రదేశ్ అంతటా కరెంటు ఆఫీసుల ముందు వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ వాళ్లు ధర్నాలు చేశారు. చార్జీలు తగ్గించాలన్నారు, సర్దుబాటు భారం ఎత్తేయాలన్నారు, అధికారులకు వినతిపత్రాలిచ్చారు. అడగాల్సిన మాటే అడిగారు. కాకపోతే అంతకు రెండున్నరేళ్ల ముందు, 2022లో, ‘బాదుడే బాదుడు’ అని పేరు పెట్టుకుని తెలుగుదేశం వాళ్లు ఊరూరా తిరిగినప్పుడు వాళ్లు చూపించిందీ ఈ కరెంటు బిల్లే. అప్పుడు సంజాయిషీ చెప్పుకున్నవాళ్లు ఇప్పుడు ధర్నాలో ఉన్నారు. అప్పుడు ధర్నాలో ఉన్నవాళ్లు ఇప్పుడు సంజాయిషీ చెప్పుకుంటున్నారు. నెల తిరిగేసరికి మీటరు దగ్గర నిలబడి చీటీ చించి ఇచ్చే కుర్రాడు మాత్రం అప్పుడూ వచ్చాడు, ఇప్పుడూ వస్తున్నాడు.

ఈ ప్రసంగంలో పార్టీల పేర్లు వస్తాయి. అన్నిటివీ వస్తాయి కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా నొచ్చుకోనక్కర్లేదు.

ముందు ఆ చీటీ సంగతి. దాన్ని మనలో ఎంతమంది పూర్తిగా చదువుతారు? కింద ఉన్న మొత్తం చూస్తాం, కట్టాల్సిన ఆఖరు తేదీ చూస్తాం, గోడకున్న మేకుకు గుచ్చేస్తాం. పైన సన్నటి అక్షరాల్లో వరసలు వరసలుగా ఉంటాయి. వాడిన యూనిట్లకు ఎనర్జీ చార్జీ. వాడినా వాడకపోయినా ఫిక్స్‌డ్ చార్జీ. ఆ పైన కస్టమర్ చార్జీ. ప్రభుత్వ ఖజానాకు వెళ్లే ఎలక్ట్రిసిటీ డ్యూటీ, ఇళ్లకైతే యూనిట్‌కు 6 పైసలు. ఆ కింద ఎఫ్‌పీపీసీఏ అని పొడి అక్షరాలు, వాటి పక్కన ఎప్పటిదో నెల, ఎప్పటిదో సంవత్సరం. ఆ కాగితం మీద అచ్చు కూడా ఎక్కువ రోజులు నిలవదు. ఎండ తగిలితే వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. లెక్క అడగడానికి దాచుకుందామన్నా దాగదు.

“వాడకం పోయిన నెల అంతే కదయ్యా, ఇంతొచ్చిందేంటి?” అని ఇంటావిడ అడుగుతుంది.

“నాదేముందమ్మా, మిషన్ ఎంత కొడితే అంత” అంటాడు కుర్రాడు.

అతను చెప్పింది అబద్ధం కాదు. ఆఫీసుకెళ్లి అడిగితే ఏఈ గారు కరెంటు పంపిణీ సంస్థ డిస్కం వైపు చూపిస్తారు. డిస్కం వాళ్లు విద్యుత్ నియంత్రణ మండలి ఆర్డరంటారు. మంత్రిగారు కూడా మండలి ఆర్డరే అంటారు. మండలిని అడిగితే చట్టప్రకారం చేశామంటుంది. ఇంతమందిలో ఎవరూ పెంచలేదు, బిల్లు మాత్రం పెరిగింది. తిలా పాపం తలా పిడికెడు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

2022 మార్చి 30న ప్రకటించిన శ్లాబులు గుర్తు చేసుకుందాం. ఇళ్లకు మొదటి 30 యూనిట్లు ఒక్కోటి రూపాయి 90 పైసలు. అక్కడినుంచి 75 దాకా 3 రూపాయలు. 125 దాకా నాలుగున్నర. 225 దాకా 6 రూపాయలు. 400 దాకా 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు. అంతకుముందు అట్టడుగు ధర రూపాయి 45 పైసలుండేది.

ఇప్పుడు మన పల్నాడులో రెంటచింతల వెళ్దాం. ఈ రాష్ట్రంలో ఎండ ఎక్కడ ఎక్కువని అడిగితే చిన్నపిల్లలు కూడా ఆ ఊరి పేరే చెబుతారు. మార్చిలో 200 యూనిట్లు కాల్చిన ఇల్లు మే నెలలో కూలర్ పుణ్యాన 250 కాల్చిందనుకుందాం. మార్చి ఎనర్జీ చార్జీ 867 రూపాయలు. మే నెలది 1,235 రూపాయల 75 పైసలు. వాడకం పాతిక శాతం పెరిగితే చార్జీ 42 శాతానికి పైగా పెరిగింది, ఎందుకంటే చివరి యూనిట్లు పై శ్లాబులోకి ఎక్కేశాయి. దాని మీద సర్దుబాట్లు, డ్యూటీ వేరే. ఎక్కువ వాడినవాడు ఎక్కువ కట్టాలన్న సూత్రం వినడానికి బాగానే ఉంటుంది. కాని రాతిబండల మీద కట్టుకున్న రేకుల ఇంట్లో, అర్ధరాత్రి దాటినా గోడలు వేడి కక్కుతుంటే, బిల్లు భయానికి లేచి కూలర్ కట్టేసే ముసలాయనది విలాసం ఎట్లా అవుతుంది? ఆయన ఒళ్లు తుడుచుకుని గోనెపట్టా తడిపి పరుచుకుని పడుకుంటాడు. మనవడు పరీక్షకు చదువుకునే రాత్రయితే కూలర్ మళ్లీ వేస్తాడు.

ఇక చీటీ మీద ఎఫ్‌పీపీసీఏ అని ఉండే సర్దుబాటు చార్జీ. దాన్నే ట్రూఅప్ అంటున్నారు. డిస్కం ఏడాది మొదట్లో ఓ అంచనా వేస్తుంది, ఇంత కరెంటు కొంటాం, ఇంత ఖర్చవుతుంది అని. ఏడాది తిరిగేసరికి బొగ్గు ధర పెరిగిందనో, ఎండలు ముదిరి బయట మార్కెట్లో కొనాల్సి వచ్చిందనో ఖర్చు పెరుగుతుంది. ఆ తేడాను మండలికి చూపించి, మండలి కోత కోసి ఒప్పుకున్నంత మేరకు జనం దగ్గర వసూలు చేస్తుంది. ఏర్పాటులో తప్పేం లేదు. ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. చిక్కంతా ఆ పద్దు మన ఇంటికి చేరేసరికి పట్టే కాలంలో ఉంది. ఒక ప్రభుత్వం ఉండగా కాలిన కరెంటుకు ఇంకో ప్రభుత్వం వచ్చాక బిల్లు వస్తుంది. రాజకీయ నాయకుడికి ఇంతకన్నా కావాల్సిందేముంది?

2021 ఆగస్టు నెలాఖరులో మండలి ఒక ఆర్డర్ ఇచ్చింది. 2014 నుంచి 2019 దాకా ఐదేళ్ల పద్దు, 3,669 కోట్లు. సెప్టెంబర్ బిల్లుల్లో యూనిట్‌కు రూపాయి 23 పైసల దాకా పడింది. గగ్గోలు లేచింది. అప్పటి ప్రభుత్వం ఏమంది? ఆ ఖర్చు చంద్రబాబు హయాంలోది, మాకేం సంబంధం అంది. తెలుగుదేశం ఏమంది? వడ్డిస్తున్నది జగన్, వసూలు చేస్తున్నది జగన్ అంది. రెండూ నిజమే. పద్ధతి ప్రకారం జనానికి నోటీసు ఇవ్వలేదని తేలి ఆ ఆర్డర్ వెనక్కి పోయింది, మరుసటేడాది ఇంకొంచెం తక్కువ మొత్తంతో తిరిగొచ్చింది.

మూడేళ్లు గడిచాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. ఆ డిసెంబర్ బిల్లు నుంచి కొత్త వడ్డింపు మొదలు. 2022–23 ఏడాదికి 6,072 కోట్ల 86 లక్షలు, 15 నెలల పాటు. దాని వెనకే 2023–24 ఏడాదికి 9,412 కోట్ల 50 లక్షలు, 24 నెలల పాటు. కలిపితే పదిహేను వేల కోట్ల పైమాటే. ఆ 2022 ఏప్రిల్ మన పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు ఫ్యాక్టరీల వాళ్లకు ఇంకా గుర్తుండే ఉంటుంది. కరెంటు చాలక పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించిన నెల అది. కొరత రోజుల్లో మార్కెట్లో కొన్న కరెంటు ఖర్చు కూడా ఆ వడ్డింపులో చీటీ మీదికి ఎక్కింది. తెలుగుదేశం కూటమి ప్రభుత్వం ఏమంది? ఈ ఖర్చు జగన్ హయాంలోది, మాకేం సంబంధం అంది. వైఎస్సార్ కాంగ్రెస్ ఏమంది? వడ్డిస్తున్నది చంద్రబాబు, వసూలు చేస్తున్నది చంద్రబాబు అంది. ఈసారీ రెండూ నిజమే.

2021 నాటి డైలాగులు ఒకరివి ఒకరికిచ్చి మార్చుకున్నారు, అంతే. కనీసం పదాలైనా కొత్తవి రాయించుకోవాల్సింది. నాటకాల ఊళ్లు మనవి. పాత్రలు మారినప్పుడు సంభాషణ మారాలని ఇక్కడ చిన్న వేషగాడికి కూడా తెలుసు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం 2025 సెప్టెంబర్‌లో జరిగింది. 2024–25లో సర్దుబాటు కింద ఒప్పుకున్న మొత్తం కన్నా ఎక్కువ వసూలైంది కాబట్టి 923 కోట్లు జనానికి వెనక్కివ్వండి అని మండలి చెప్పింది. నవంబర్ బిల్లు నుంచి యూనిట్‌కు 13 పైసల తగ్గింపు. మంచిదే, పదమూడు పైసలైనా పైసలే. కాని ఆ రోజు ప్రకటనలు చూడండి. పెరిగినప్పుడు పెంచింది మండలి. తగ్గినప్పుడు తగ్గించింది ప్రభుత్వ సమర్థత.

ఇదంతా ఈ రెండు పార్టీలు కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. కొంచెం వెనక్కి వెళ్దాం.

1983లో ఎన్.టి.రామారావు వచ్చాక వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల లెక్క పెట్టారు. పదిహేనేళ్ల తర్వాత అదే పార్టీ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు అప్పుతో విద్యుత్ సంస్కరణలు మొదలుపెట్టింది. 1998లో చట్టం చేసింది, విద్యుత్ బోర్డును విడగొట్టింది, నియంత్రణ మండలిని కూర్చోబెట్టింది. 2000లో చార్జీలు ఒక్కసారిగా పెరిగాయి. ఆ ఏడాది ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు పోయాయి. ఉద్యమంలో వామపక్షాలున్నాయి, కాంగ్రెస్ ఉంది. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా పెట్టిన మొదటి సంతకం రైతులకు ఉచిత కరెంటు మీద.

సరే, కాంగ్రెస్ మాట నిలబెట్టుకుందనుకుందాం. మరి 2013 సంగతేమిటి? కిరణ్‌కుమార్ రెడ్డి ముఖ్యమంత్రి. అదే కాంగ్రెస్. ఇంధన సర్దుబాటు సర్‌చార్జి అని ఇవాళ్టి ట్రూఅప్‌కు ముత్తాతలాంటి చార్జీ ప్రతి ఇంటికీ వచ్చింది. పాత నెలల వాడకానికి కొత్తగా డబ్బులు కట్టమన్నారు. ఊళ్లలో ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన అద్దెవాళ్లు వాడిన కరెంటుకు కొత్తగా వచ్చినవాళ్లు కట్టిన రోజులవి. ఆ ఏప్రిల్‌లో కొత్త టారిఫ్ కూడా పెరిగింది. బషీర్‌బాగ్ రోజుల్లో రోడ్డు మీదున్న పార్టీ బిల్లులేసింది. బషీర్‌బాగ్ నాడు గద్దె మీదున్న తెలుగుదేశం ఎమ్మెల్యేలు దీక్షకు కూర్చున్నారు. అప్పుడప్పుడే పుట్టిన వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున విజయమ్మగారు ‘కరెంట్ సత్యాగ్రహం’ చేశారు. అంటే, 2013 వేసవిలో ఇవాళ్టి పాలకపక్షం, ప్రతిపక్షం రెండూ ఒకే సర్‌చార్జి మీద ఒకే వైపు నిలబడి పోరాడాయి. తర్వాత ఒకదాని తర్వాత ఒకటి గద్దెనెక్కి ఆ పద్ధతినే కొనసాగించాయి. ఓడ దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న.

ఎర్రజెండా వాళ్లు మన రాష్ట్రంలో మొదటినుంచీ ఒకే మాట మీద ఉన్నారు, ఆ మేరకు మెచ్చుకోవాలి. కాని వాళ్లు గద్దె మీదున్నప్పుడు కేరళలోనూ కరెంటు టారిఫ్ పెరిగింది. 2023 బడ్జెట్లో పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు 2 రూపాయల సెస్సు వేశారు. అక్కడ కాంగ్రెస్ రోడ్డెక్కింది.

మీటర్ల కథ కూడా ఇట్లాంటిదే, క్లుప్తంగా చెబుతాను. గత ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెడతానంటే అవి రైతు మెడకు ఉరితాళ్లని ప్రతిపక్షం అంది. స్మార్ట్ మీటర్లు పెడితే పగలగొట్టమని లోకేశ్ గారు పిలుపిచ్చారు. గద్దెనెక్కాక స్మార్ట్ మీటర్ల పని ఆగలేదు. 2025లో జనం ఎదురు తిరిగాక, వినియోగదారుడి అనుమతి లేకుండా ఇళ్లకు పెట్టబోమని విద్యుత్ మంత్రి గొట్టిపాటి రవికుమార్ చెప్పాల్సి వచ్చింది. ఈలోగా మీటర్లు వద్దంటూ గొంతెత్తినవారిలో ఆ పథకానికి మొదట ఒప్పందాలు చేసుకున్న పార్టీ వాళ్లూ ఉన్నారు. వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు సాగర్ కాలవ ఎక్కని మెట్టల్లో బోరే దిక్కయిన రైతుకు ఇదంతా వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. వాళ్లకు వరికపూడిశెల ఎత్తిపోతల నీళ్లు దశాబ్దాలుగా హామీల్లోనే పారుతున్నాయి. 2023 నవంబర్ 15న మాచర్లలో దానికి శంకుస్థాపన కూడా అయింది. ఆ నీళ్లొచ్చినా ఎత్తిపోయాలంటే కరెంటే కావాలి. దానికి ట్రూఅప్ ఎవరి హయాంలో వస్తుందో చూడాలి.

కరెంటు పక్కన పెట్టి డీజిల్ దగ్గరికి వద్దాం. మన జిల్లాలో ఈ సంగతి పుస్తకం చూడకుండా అర్థమయ్యే చోటు పొందుగుల వంతెన. దాచేపల్లి దాటి ఆ వంతెన ఎక్కితే కింద కృష్ణ, అవతల వాడపల్లి, తెలంగాణ. నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద సిమెంటు లారీలు, సున్నం లారీలు, మిర్చి లారీలు రేయింబవళ్లు నడుస్తాయి. హైదరాబాద్ వెళ్లే లారీ డ్రైవరు ఇటువైపు బంకులో ట్యాంకు నింపడు. వంతెన దాటేదాకా సరిపోతే చాలు. తిరిగొచ్చేటప్పుడు అవతలే నిండుగా పోయించుకుని వస్తాడు. లీటరుకు రెండు రూపాయల దాకా తేడా ఉన్నప్పుడు, మూడు నాలుగు వందల లీటర్లు పట్టే ట్యాంకుకు ఎంత మిగులుతుందో అతనికి నోటి లెక్క. మన గట్టున బంకు పెట్టుకున్నాయన రోడ్డుకేసి చూస్తూ కూర్చుంటాడు. పన్ను కూడా నది దాటిపోతుంది.

వింతేమిటంటే, పన్ను శాతం చూస్తే తెలంగాణదే ఎక్కువ. అక్కడ పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27. మన దగ్గర 31, 22.25. మరి మన దగ్గర ధరెందుకు ఎక్కువ? శాతం పక్కన ఇంకో పద్దు ఉంది. లీటరుకు 4 రూపాయలు అదనపు వ్యాట్, ఆపైన రూపాయి రోడ్డు సెస్సు. టీవీ చర్చలో శాతం చెప్పి దులిపేసుకుంటారు. ఈ 5 రూపాయలు అడిగేదాకా ఎవరూ చెప్పరు.

ఆ 4 రూపాయల చరిత్ర వినండి. 2015లో తెలుగుదేశం ప్రభుత్వం వేసింది, కొత్త రాష్ట్రం, ఖజానా ఖాళీ అని. 2018 సెప్టెంబర్‌లో, ఎన్నికలు ఏడు నెలల్లో ఉన్నాయనగా, 2 రూపాయలు తగ్గించింది. వైఎస్సార్ కాంగ్రెస్ వచ్చి 2020లో తిరిగి 4 చేసింది, కరోనా, ఖజానా ఖాళీ అని. ఆ ఏడాదే రోడ్ల కోసమని ఇంకో రూపాయి సెస్సు. 2021 నవంబర్‌లో కేంద్రం పెట్రోలు మీద 5, డీజిల్ మీద 10 రూపాయల ఎక్సైజ్ తగ్గించి, రాష్ట్రాలూ తగ్గించండి అంది. చాలా రాష్ట్రాలు తగ్గించాయి. మన ప్రభుత్వం తగ్గించకపోగా తప్పంతా కేంద్రానిదేనని పత్రికల్లో ప్రకటనలిచ్చింది. తగ్గించాల్సిందేనని అప్పుడు పట్టుబట్టిన పార్టీలు 2024లో గద్దెనెక్కి, 2025–26 బడ్జెట్ పెట్టినా ఆ 4 రూపాయలు చెక్కుచెదరలేదు. కారణం మీరే ఊహించండి. ఖజానా ఖాళీ.

కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లినవాళ్లకు ఇంకో సంగతి తెలుసు. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి విద్యుత్ ప్రభలు కదులుతాయి. ఎనభై, తొంభై అడుగుల ఎత్తు, వేల బల్బులు. వాటికి దారివ్వడానికి పైన కరెంటు తీగలు తప్పిస్తారు, ఆ ఊళ్లకు సరఫరా ఆపుతారు. ప్రభ వెనక జనరేటరు దడదడలాడుతూ రాత్రంతా డీజిల్ తాగుతుంది. మొక్కు మొక్కే, దాన్ని నేను తప్పు పట్టను, చిన్నప్పటినుంచీ చూసి మురిసినవాడినే. కాని ప్రభల ముందు వేదికలెక్కి పార్టీల వాళ్లు పోటాపోటీగా ఉపన్యాసాలిచ్చే రోజులొచ్చాయి. ధరలు మండిపోతున్నాయని అక్కడ మైకులో అరిచే గొంతుకు కరెంటు ఇచ్చేది కూడా ఆ జనరేటరే. ఆ డీజిల్లో ఎక్సైజ్ ఉంది, వ్యాట్ ఉంది, 4 రూపాయలున్నాయి, రోడ్డు రూపాయి కూడా ఉంది. ఖర్చు మాత్రం ఊళ్లో వేసుకున్న చందా.

ఇక ఢిల్లీ. 1973లో పెట్రోలు ధర పెరిగిందని వాజ్‌పేయి గారు ఎడ్లబండి ఎక్కి పార్లమెంటుకు వెళ్లారు. 2012లో మన్మోహన్ ప్రభుత్వం లీటరుకు ఏడు రూపాయల పైన పెంచితే మే 31న బీజేపీ, మిత్రపక్షాలు భారత్ బంద్ చేశాయి. 2018 సెప్టెంబర్ 10న కాంగ్రెస్ భారత్ బంద్ చేసింది, ఈసారి మోదీ ప్రభుత్వం మీద. రెండు బంద్‌ల మధ్య ఏం జరిగింది? 2014లో అంతర్జాతీయ మార్కెట్లో ముడి చమురు పీపా వంద డాలర్ల పైనుండేది, 2016 జనవరికి ముప్ఫైకి అటూ ఇటూ పడిపోయింది. మన బంకు దగ్గర ధర ఆ మేరకు పడలేదు. 2014 నవంబర్ నుంచి 2016 జనవరి మధ్య తొమ్మిది సార్లు ఎక్సైజ్ పెంచి, పెట్రోలు మీద 9 రూపాయల 48 పైసలున్నదాన్ని 21 రూపాయల 48 పైసలు చేశారు. కరోనా ఏడాదిలో చమురు మళ్లీ పడితే మళ్లీ పెంచి 32 రూపాయల 98 పైసలకు తీసుకెళ్లారు. ధర పెరిగితే అంతర్జాతీయ మార్కెట్, తగ్గితే దేశ నిర్మాణం.

రోజూ మారాల్సిన ధర ఎన్నికలప్పుడు ఎందుకు కదలదో కూడా ఎవరైనా చెప్పాలి. 2017 జూన్ నుంచి రోజువారీ ధరల పద్ధతి అన్నారు. 2021 నవంబర్ మొదలు 2022 మార్చి 22 దాకా, ఉత్తరప్రదేశ్ ఎన్నికలు అయ్యేదాకా, అంతర్జాతీయంగా చమురు భగ్గుమంటున్నా మన బంకులో ముల్లు కదల్లేదు. ఓట్ల లెక్కింపు అయ్యాక కదిలింది. 2024 ఎన్నికల ముందు మార్చిలో మహిళా దినోత్సవం నాడు గ్యాస్ బండ మీద వంద, ఆ తర్వాత వారంలో పెట్రోలు మీద రెండు రూపాయలు తగ్గాయి. 2025 ఏప్రిల్‌లో బండ మీద యాభై పెరిగింది.

ఒక్క విషయంలో రాష్ట్రాల ఏడుపు నిజం. కేంద్రం పెట్రోలు మీద తీసుకునే ఎక్సైజ్‌లో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల సుంకం లీటరుకు రూపాయి 40 పైసలకు కుదించి, మిగతాదంతా సెస్సులు, అదనపు సుంకాల కింద పెట్టుకున్నారు. వాటిలో వాటా ఇవ్వనక్కర్లేదు. కాని ఇంకో నిజం కూడా ఉంది. రాష్ట్రం వ్యాట్ వేసేది ఆ ఎక్సైజ్ కూడా కలిసిన ధర మీద. కేంద్రం పెంచినప్పుడల్లా రాష్ట్రానికీ నాలుగు డబ్బులొస్తాయి, పెంచిందన్న నింద మాత్రం రాదు. ఢిల్లీని తిట్టుకుంటూ ఢిల్లీ పెంచినదాని మీద శాతం పుచ్చుకోవడం, ఇది అన్ని రంగుల ప్రభుత్వాలకూ అలవాటైన పనే. 2021 సెప్టెంబర్‌లో లక్నోలో జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని పెట్రోలు, డీజిల్ జీఎస్టీలోకి తేవాలా అని మాట్లాడితే, బయట ఒకరినొకరు తిట్టుకునే పార్టీల మంత్రులంతా లోపల ఒక్కటై ఇప్పుడొద్దన్నారు. ఆ గదిలో ఉన్నంత ఐకమత్యం దేశంలో ఇంకెక్కడా చూడలేం.

పన్ను గురించి పల్నాడులో మాట్లాడుతూ కన్నెగంటి హనుమంతును తలుచుకోకుండా ఉండలేం. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమన్నారు. 1921లో ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచారి మన వైపు వస్తే అరెస్టు చేశారు. జనం వెనక్కి తగ్గలేదు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు తూటాలకు హనుమంతు ఒరిగిపోయాడు. ఇవాళ ఏ పార్టీ నాయకుడు మన వైపు వచ్చినా ఆయన పేరెత్తి చప్పట్లు కొట్టించుకుంటాడు. ఆ పన్ను ఎవరేశారో పల్నాడు రైతుకు స్పష్టంగా తెలుసు. అటవీశాఖ గార్డు ఎదురుగా నిలబడి అడిగాడు, ఇవ్వనని ఎదురుగా నిలబడి చెప్పాడు. ఇప్పుడు అడిగేవాడు ఎదురుగా రాడు. బిల్లు ఒక యంత్రం నుంచి వస్తుంది, ధర ఒక బోర్డు మీద వెలుగుతుంది, ఎవరిని అడగాలో తేలేలోపు ఎన్నికలొస్తాయి, ఇందాకటి ఇద్దరూ స్థానాలు మార్చుకుంటారు.

అయితే ప్రభుత్వం చేతిలో ఏమీ లేదన్న మాట నమ్మకండి. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ సూటిగా ఉంది. మండలి నిర్ణయించిన చార్జీ ఎవరికైనా తగ్గించాలని రాష్ట్ర ప్రభుత్వం అనుకుంటే ఆ సబ్సిడీ డబ్బు ముందుగా డిస్కంలకు కట్టి తగ్గించవచ్చు. 2025–26 టారిఫ్ పెంచకుండా ఉండటానికి ప్రభుత్వం ఒప్పుకున్న సబ్సిడీ 12,600 కోట్ల పైమాటే. అంటే దారి ఉంది, నడిచారు కూడా. మరి ట్రూఅప్ దగ్గర ఆ దారి ఎందుకు మూసుకుపోయింది? జగన్ ప్రభుత్వాన్నీ ఇదే అడగాలి, చంద్రబాబు ప్రభుత్వాన్నీ ఇదే అడగాలి. డబ్బు లేదంటే లేదని చెప్పొచ్చు, జనం అర్థం చేసుకుంటారు. ఉచిత కరెంటుకు, మూడు గ్యాస్ బండలకు, ఇంకో పథకానికి ఎంతవుతోంది, అందులో ఎంత మన డీజిల్లోంచి తీస్తున్నారు అని లెక్క ముందు పెట్టి మాట్లాడితే నేనైతే నోరు మూసుకుంటాను. ఎలక్ట్రిసిటీ డ్యూటీ పూర్తిగా రాష్ట్రానిదే. 2022లో వ్యాపార, పారిశ్రామిక వాడకానికి దాన్ని 6 పైసల నుంచి ఏకంగా రూపాయి చేశారు. పిండి మర నడిపేవాడు కూడా గిర్నీ కూలి పెంచి ఆ రూపాయిని మన ఇంటికే పంపించాడు. ఆ నాలుగు రూపాయల వ్యాటూ రాష్ట్రానిదే. వీటిలో దేనికీ మండలి అడ్డం రాదు, ఢిల్లీ అడ్డం రాదు, గత ప్రభుత్వం అంతకన్నా అడ్డం రాదు.

ఏటా నవంబర్ నెలాఖరుకు డిస్కంలు వచ్చే ఏడాది లెక్కలు మండలికి ఇస్తాయి. మన పల్నాడుకు విజయవాడ కేంద్రంగా ఉన్న సెంట్రల్ డిస్కం. తర్వాత పత్రికల్లో నోటీసు పడుతుంది, అభ్యంతరాలు పంపమంటారు, విచారణ పెడతారు. మండలి ఆఫీసు ఇప్పుడు కర్నూలులో ఉంది. అంతదూరం వెళ్లక్కర్లేదు, పోస్టులో పంపవచ్చు. రైతు పంపవచ్చు, జిరాక్స్ షాపాయన పంపవచ్చు, ఎమ్మెల్యే కూడా పంపవచ్చు. ఈసారి కరెంటు ఆఫీసు ముందు టెంటు వేసి మిమ్మల్ని రమ్మని పిలిచే నాయకుడు ఏ పార్టీవాడైనా సరే, మండలికి మీరు పంపిన అభ్యంతరం కాపీ ఉంటే ఒకటి ఇవ్వండి, చదువుకుంటాం అని అడగండి. ఇచ్చినాయన పిలుపుకైతే నేనూ వస్తాను.